ఎడంచేతి కట్టు

తాళంచెవులు చేసే కొట్టు మీద అద్దెగది. మధ్యాహ్నం మూడున్నర. చెల్లెలు రాసుకుంటోంది. అక్క ఆస్పత్రిలో డ్యూటీ దిగి ఇక్కడికి వచ్చింది.

“చెప్పులు విప్పి రా అక్కా. ఇప్పుడే తుడిచాను.”

“విప్పను. ముందు నువ్వా పెన్ను కింద పెట్టు.”

“అర పేజీ ఉంది. నాలుగున్నరకి ఇచ్చెయ్యాలి.”

“ఎవరిది?”

“ఏది ఎవరిది?”

“ఆ అర పేజీ. నీ కలంపేర్లలో ఇవాళ ఎవరివి నువ్వు? పొదుపు తాతయ్యవా, వంటింటి అమ్మాజీవా, తెల్ల చెప్పులా?”

“మెల్లిగా. కింద కొట్టాయనకి వినబడుతుంది.”

“వినబడనీ. పొద్దున పదింటికి నన్ను పిలిచారు.”

“ఎవరు?”

“సూపరింటెండెంటు, మేట్రన్, ఆఫీసు నుంచి ఇంకొకాయన. టేబుల్ మీద నీ నాలుగు వారాల కాగితాలూ పరిచి ఉన్నాయి. నాలుగోదాని మీద ఎర్ర గీతలు.”

“నిన్నెందుకు పిలిచారు?”

“అందర్నీ పిలిచారు. వారపత్రికలో తెల్ల చెప్పులు అన్న పేరుతో మన ఆస్పత్రి మీద రాస్తున్నది ఎవరో తెలుసా అన్నారు.”

“ఏమన్నావ్?”

“తెలీదన్నాను.”

“అమ్మయ్య.”

“ఆ మాట ఇంకోసారి అన్నావంటే కొడతాను చిట్టీ. నిజంగా కొడతాను.”

“భయమేసింది, అందుకన్నాను.”

“నీకు భయం దేనికి? దొరికింది నువ్వా? పెద్ద సిస్టర్ దొరికింది.”

“ఎవరు?”

“మా వార్డు ఇన్‌ఛార్జి. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు. పదకొండు నెలల్లో రిటైరవుతుంది. సోమవారం మెమో ఇచ్చారు. ఇవాళ పన్నెండింటికి విచారణ. రేపు పొద్దున తొమ్మిదింటికి ఆర్డరు.”

“ఆవిడ రాయలేదుగా. రాయలేదని చెబితే సరిపోతుంది.”

“ఎవరు నమ్ముతారు? నువ్వు రాసిన మనిషి ఆవిడే.”

“కాదు. నేను రాసిన మనిషి ఎవరూ కాదు. కల్పించాను.”

“ఇదిగో, చదువు.”

“ఇది వాళ్ల కాగితమా?”

“నాదే. వాళ్లు ఎక్కడ గీశారో చూసొచ్చి నేనూ అక్కడే గీశాను. చదువు. పైకి చదువు.”

“‘ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ వార్డుల్లో నడుస్తున్నాను.’”

“కింద గీత.”

“‘నాది ఎడంచెయ్యి. నేను కట్టిన కట్టు తిరగేసి చుట్టినట్టుంటుంది. కుర్ర డాక్టర్లు చూసి నవ్వుతారు. విప్పడం మాత్రం వాళ్లకి రాదు.’”

“ఇప్పుడు చెప్పు.”

“ఏం చెప్పను?”

“నూట పదిమంది నర్సులం. ఎడంచేత్తో కట్టేది ఆవిడొక్కతే.”

“నాకేం తెలుసు? నిన్ను దాచడానికి అన్నీ తిరగేశాను. నీది కుడిచెయ్యి, అందుకని ఎడంచెయ్యి అన్నాను. నీది ఆరేళ్ల సర్వీసు, అందుకని ఇరవై తొమ్మిది అన్నాను. నిన్ను ఎవరూ పట్టుకోకూడదని.”

“ఇరవై ఎనిమిది ఎందుకు కాలేదు? ముప్ఫై ఎందుకు కాలేదు?”

“ఏదో ఒక అంకె వేశాను.”

“ఏదో ఒక అంకె కాదు. నేను చెప్పిన అంకె. రెండు నెలల కిందట డబ్బా మూత తీస్తూ చెయ్యి కోసుకున్నావ్. ఆ కుర్చీలోనే కూర్చున్నావ్. నేను కట్టు కట్టాను.”

“కట్టావు. అయితే?”

“తిరగేసి కట్టి చూపించాను. ఇదేంటిలా ఉందని అడిగావ్. పెద్ద సిస్టర్ ఇలాగే కడుతుంది, ఆవిడది ఎడంచెయ్యి, ఇరవై తొమ్మిదేళ్లుగా ఇదే కట్టు, కుర్ర డాక్టర్లు నవ్వుతారు గానీ విప్పడం రాదు అన్నాను. నువ్వు నవ్వావ్. టీ ఒలికింది. గుర్తుందా?”

“టీ ఒలకడం గుర్తుంది.”

“మిగతాది?”

“నేను కల్పించాననుకున్నాను.”

“ఏంటీ?”

“ఒట్టు. రాస్తున్నప్పుడు అది నాకు తోచిందనే అనుకున్నాను. భలే తోచిందే అనుకున్నాను కూడా.”

“తోచింది. నేను నోరు నొప్పి పుట్టేలా చెబితే నీకు తోచింది.”

“కావాలని చేశానా అక్కా?”

“కావాలని చేసుంటే నీతో మాట్లాడేదాన్నే కాదు. దొరికిన వస్తువు ఎవరిదో కూడా తెలీకుండా అమ్ముకున్నావ్. దానికి ఏం పేరు పెట్టాలో నాకు తెలీదు. పేర్లు పెట్టడం నీకొచ్చు, నువ్వే చెప్పు.”

“అమ్ముకున్నానా? తెల్ల చెప్పులుకి పైసా తీసుకోలేదు నేను. తీసుకోవాలంటే పేరివ్వాలి, చిరునామా ఇవ్వాలి. అందుకని టైపు చేసి పోస్టులో వేశాను. ఎడిటర్‌కి కూడా నేనని తెలీదు. ఇది చేతులారా ఉచితంగా చేసిన పని.”

“దండ తెచ్చేదాన్ని. మర్చిపోయాను.”

“వెటకారం వద్దు. గ్లవ్స్ కడిగి తీగ మీద ఆరేసి మళ్లీ వాడుతున్నారన్నది అబద్ధమా?”

“కాదు.”

“అది అచ్చయిన పదో రోజుకి కొత్త గ్లవ్స్ వచ్చాయని చెప్పింది ఎవరు?”

“నేనే.”

“ఎన్ని పెట్టెలు?”

“పన్నెండు.”

“అదే నా పేరుతో రాసుంటే ఒక్క పెట్టె వచ్చేదా? ఎవరమ్మా నువ్వు, వార్డులో నీకేం పని అనేవాళ్లు. నర్సు రాసిందన్నారు కాబట్టే చదివారు. చదివారు కాబట్టే వచ్చాయి.”

“నర్సు రాయలేదుగా.”

“నర్సు చెప్పింది.”

“నర్సు ఇంట్లో అన్నం తింటూ చెప్పింది. చెల్లెలికి చెప్పింది. వారపత్రికకి చెప్పలేదు. నువ్వు ‘నేను’ అని రాశావ్. నేను, నా చేతులు, నా వార్డు. నువ్వెప్పుడైనా ఒక్క బెడ్‌పాన్ ఎత్తావా?”

“నాన్నకి ఆపరేషన్ అయినప్పుడు వారం రోజులున్నాను.”

“కారిడార్లో ఉన్నావ్. బెంచీ మీద కూర్చుని రాసుకున్నావ్. బెడ్‌పాన్ నేనెత్తాను.”

“సరే. ఇంతా అంటున్నావు కదా, మొదటి భాగం చదవగానే నేనని నీకు తెలిసిపోయిందా లేదా?”

“తెలిసింది.”

“తెలిసి ఏం చేశావ్?”

“ఏం చేశాను?”

“నవ్వావ్. రెండో భాగం వచ్చినరోజు ఇక్కడికే వచ్చి, ఆ మంచం మీద పడుకుని రెండుసార్లు చదివించుకున్నావ్. మేట్రన్ మొహం చూసి తీరాలి చిట్టీ అన్నావ్. మూడోది ఇంకా రాలేదేంటని ఫోన్ చేశావ్. అప్పుడు ‘నేను’ అన్నది తప్పని తోచలేదేం?”

“అప్పుడు ఎవరికీ దెబ్బ తగల్లేదు.”

“అదన్నమాట.”

“అదే. నేనేం గొప్పదాన్నని చెప్పడానికి రాలేదు. పొద్దున ముగ్గురి ముందు నిలబడి తెలీదన్నాను. బయటికొస్తుంటే బెంచీ మీద పెద్ద సిస్టర్ కూర్చుని ఉంది. నా వంక చూసి, ‘టిఫిన్ తిన్నావా అమ్మాయ్’ అంది.”

“ఏమన్నావ్?”

“తిన్నానన్నాను. అదీ అబద్ధమే.”

“కూర్చో అక్కా. నీళ్లిస్తాను.”

“వద్దు. కాగితం తీయి.”

“ఏం కాగితం?”

“తెల్లకాగితం. ఉత్తరం రాయి. తెల్ల చెప్పులు నేను, నా పేరు ఇది, నా చిరునామా ఇది, నేను నర్సుని కాను. కింద సంతకం పెట్టు. రేపు ఎనిమిదిన్నరకి నేను తీసుకెళ్లి సూపరింటెండెంటు చేతికిస్తాను. ఇంకో కాపీ మీ ఎడిటర్‌కి.”

“అంత తేలిక కాదు.”

“పెన్ను నీ చేతిలోనే ఉంది.”

“నా పేరు చూస్తే నీ పేరు కనబడుతుంది. ఇంటిపేరు ఒకటే. మొహాలు కూడా ఒకటే. ఐదు నిమిషాల్లో నీ దగ్గరికి వస్తారు.”

“తెలుసు.”

“నీ ఉద్యోగం పోతుంది.”

“తెలుసంటున్నాగా. మెట్లెక్కుతూనే లెక్కేసుకున్నాను. నాకు ముప్ఫై రెండు. ఇంకోచోట దొరుకుతుంది. ఆవిడకి యాభై తొమ్మిది.”

“వేరే దారి లేదా? ఎవరూ కాని పేరుతో ఒక ఉత్తరం రాస్తాను. తెల్ల చెప్పులు పేరుతోనే రాస్తాను. ‘ఆ సిస్టర్‌కి సంబంధం లేదు’ అని.”

“అంటే మళ్లీ ఆ దొంగ పేరే వచ్చి, నేను అసలుదాన్ని, నన్ను నమ్మండి అంటుందా? ఆ ఉత్తరం కూడా పెద్ద సిస్టరే రాసిందంటారు. ఎడంచేత్తో టైపు కొట్టిందంటారు.”

“ఇది కాక ఇంకోటుంది.”

“చెప్పు.”

“పొదుపు తాతయ్య ఈ వారపత్రికలోనే వస్తాడు. అమ్మాజీ వేరే పత్రిక. తాతయ్య అమ్మాజీని తిడతాడు, అమ్మాజీ తాతయ్యని తిడుతుంది. రెండేళ్లుగా నడుస్తోంది. పాఠకులు రెండు జట్లుగా ఉత్తరాలు రాస్తున్నారు. నా అసలు పేరు బయటపడిందంటే ఎవరో ఒకరు తవ్వుతారు. రెండూ పోతాయి. మిగతావీ పోతాయి. ఈ గదీ పోతుంది.”

“ఆ ఇద్దర్నీ తిట్టుకునేలా చేసింది కూడా నువ్వేనా?”

“చదివేవాళ్లకి సరదా.”

“నాన్నకి సరదా కాదు. తాతయ్య వద్దన్నాడని పోయినేడు కొత్త కళ్లద్దాలు చేయించుకోలేదు. ‘పాత ఫ్రేములో కొత్త అద్దం వేయించుకోండి’ అని రాశాడట. ఆ ఫ్రేము విరిగింది. ఇప్పుడు దారం కట్టుకుని తిరుగుతున్నాడు.”

“నాన్న పొదుపు తాతయ్యని చదువుతాడా?”

“కత్తిరించి పుస్తకంలో అంటిస్తాడు. నేను చెబితే వినడు, నువ్వు చెబితే వినడు. ఎవరో రిటైర్డ్ బ్యాంకు మేనేజరు చెప్పాడంటే వింటాడు. ఆ మేనేజరుకి ఇరవై తొమ్మిదో ఏడు నిండలేదనీ, వాడికి బ్యాంకులో ఖాతా తెరవడమే చేతకాకపోతే నేను పక్కనుండి తెరిపించాననీ ఆయనకి తెలీదు.”

“నవ్వించకు.”

“నవ్వించడానికి చెప్పలేదు. ఎనిమిదేళ్లయింది నువ్వు రాయడం మొదలుపెట్టి. నీ పేరుతో ఒక్కటి వచ్చిందా?”

“ఒకటి వచ్చింది.”

“ఏది?”

“నీకు తెలుసు.”

“హాస్టలు గురించి రాసింది.”

“అదే. హాస్టలు నీళ్ల ట్యాంకులో పురుగులున్నాయని రాశాను. సొంత పేరుతో, సొంత రోల్ నంబరుతో. అందులో ఒక్క ముక్క కల్పన లేదు. ఏమైంది? ప్రిన్సిపాల్ నాన్నని పిలిపించాడు. గది బయట గంటసేపు నిలబెట్టాడు. కుర్చీ ఉంది అక్కడ. కూర్చోమనలేదు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఆయన చేతిలో క్యారేజీ ఉంది, నాకు తెచ్చింది. అది కింద పెడితే బాగుండదని గంటసేపు పట్టుకునే నిలబడ్డాడు. ఆ తర్వాత నా పేరు ఎక్కడా రాయలేదు. రాయను.”

“ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు నువ్వు.”

“నాన్న చెప్పొద్దన్నాడు.”

“సరే.”

“సరే అంటే?”

“సరే అంటే విన్నాను. అప్పుడు నీ పేరు పెట్టుకుంటే నాన్న నిలబడ్డాడు. ఇప్పుడు పెట్టుకోకపోతే పెద్ద సిస్టర్ నిలబడింది. ఎటొచ్చీ నువ్వు కిటికీ దగ్గరే ఉన్నావ్.”

“అంత మాటనకు అక్కా.”

“అంతే మాట. కాగితం తీయి.”

“తీస్తాను. ఆవిడ లోపల ఏం చెప్పిందో తెలీకుండా ఎలా రాయను? కాదని గట్టిగా అనుంటే వాళ్లు వదిలేసి ఉండొచ్చు.”

“అనలేదు. తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు విన్నాడు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదట. ‘రేపు పొద్దున రాసిస్తాను’ అందట, అంతే.”

“కాదనడానికి ఏం?”

“అదే నాకు అర్థం కాలేదు. రెండింటికి డ్యూటీ దిగేటప్పుడు చూస్తే ఆవిడ కుర్చీ ఖాళీ. మందుల బీరువా తాళాలు టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయింది. ఇరవై తొమ్మిదేళ్లలో ఆ తాళాలు చేతికివ్వకుండా వెళ్లలేదట ఎప్పుడూ. నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.”

“ఇంటికి వెళ్లి చూడకపోయావా?”

“వెళ్లాను. తాళం ఉంది. అక్కణ్నుంచే వస్తున్నాను.”

“నా మీద కోపంగా ఉండి ఉంటుంది. ఆ తెల్ల చెప్పులు ఎవరోగానీ...”

“నీ మీద కోపమని నేననుకోను. నీ నాలుగో భాగం కత్తిరించి యాప్రాన్ జేబులో పెట్టుకుంది. మొన్న మందుల ట్రాలీ దగ్గర నిలబడి చదువుతోంది. నన్ను చూసి మడిచేసింది. అంతకుముందు మూడు భాగాలూ నర్సులందరం కలిసి చదువుకున్నాం, ఆవిడా నవ్వింది. ఈ నాలుగోది మాత్రం ఎవరితోనూ మాట్లాడలేదు.”

“తనని ఇరికించారని.”

“అయ్యుంటుంది. రాయి.”

“రాస్తున్నాను. ‘గౌరవనీయులైన సూపరింటెండెంటు గారికి. తెల్ల చెప్పులు అను కలంపేరుతో ప్రచురింపబడిన వ్యాసములు...’”

“అదేంటి, ప్రచురింపబడిన?”

“ఆఫీసు ఉత్తరం అలాగే రాస్తారు.”

“కాగితాలు వాటంతటవే వెళ్లి ప్రచురింపబడ్డాయా? నేను రాశాను అని రాయి.”

“‘ఆ నాలుగు భాగాలూ నేను రాశాను.’ చాలా?”

“చాలదు. ఏది నిజమో ఏది కల్పించావో రాయి. లేకపోతే మొత్తం అబద్ధమని చింపేస్తారు. గ్లవ్స్ దగ్గర నుంచి మొదలుపెట్టు.”

“గ్లవ్స్ నిజం.”

“నిజం.”

“జ్వరం చూడకుండానే ఛార్టులో అంకెలు నింపేయడం?”

“నిజం. నేనూ నింపాను. ముప్ఫై ఎనిమిది మంచాలకి ఇద్దరం. అది కూడా రాయి.”

“రాయను.”

“రాయి. నా మాటలన్నీ నన్నడక్కుండా రాశావు కదా, ఇదొక్కటి అడిగి రాయి.”

“రాశాను. మూడో భాగంలో లిఫ్టు ఆగిపోవడం?”

“నిజం. కానీ స్ట్రెచర్ మీదున్న ఆవిడ ఏడ్చిందని రాశావు. ఏడవలేదు. లిఫ్టువాణ్ని తిట్టింది.”

“ఏడిస్తే బావుంటుందని.”

“తిట్టింది అని రాయి.”

“ఇంత చిన్నదానికి...”

“చిన్నవే. ఎడంచెయ్యి కూడా చిన్నదే.”

“తిట్టింది. రాశాను. ఇక నాలుగోది. పద్నాలుగో మంచం మీద ముసలాయన పోవడం.”

“ఊఁ.”

“‘ముసలాయన బొటనవేలు బెల్లు బటన్ మీదే ఉంది.’”

“నిజం. నేను చూశాను. మధ్యాహ్నం రెండింటికి, డ్యూటీ ఎక్కగానే. వేలు తీసింది పెద్ద సిస్టరే. చాలాసేపు పట్టింది.”

“‘ఆ బెల్లు మోగలేదు.’”

“నిజం.”

“‘నేను చూసేసరికి తీగ తెగి ఉంది. మూడు నెలలుగా తెగే ఉంది. మూడు నెలలుగా ఎవరూ బాగుచేయలేదు.’”

“ఇది ఎక్కణ్నుంచి వచ్చింది?”

“నువ్వు చెప్పిందే.”

“బెల్లు మోగలేదని చెప్పాను. మూడు నెలలని చెప్పలేదు.”

“పాడైన బెల్లంటే ఎన్నాళ్లో అయి ఉంటుంది కదా అని.”

“ముందురోజు సాయంత్రం మోగింది. నేనే వెళ్లాను. టైమెంత అని అడిగాడు. ఆరు అన్నాను. పొద్దుటా సాయంత్రమా అన్నాడు. ఆయనంతే, మాటిమాటికీ కొట్టేవాడు. డ్రాయింగ్ మాస్టారుగా చేశాడట. నీళ్లకి ఒకసారి, దుప్పటికి ఒకసారి, టైము కోసం నాలుగుసార్లు.”

“ముందురోజు మోగిందా?”

“మోగింది.”

“మరి ఇదెందుకు చెప్పలేదు నాకు?”

“నువ్వడగలేదు. బెల్లు మోగలేదు అనగానే లేచి వెళ్లి రాసుకున్నావ్. నా కంచంలో అన్నం ఇంకా ఉంది.”

“అయితే ఒక్క రాత్రిలో తీగ ఎలా తెగింది?”

“ఎలుకలు కొరికాయని ఎలక్ట్రీషియన్ రాసిచ్చాడు. మేట్రన్ రాయమంది, రాసిచ్చాడు.”

“కొరికినట్టు నువ్వు చూశావా?”

“నేను చూసే టైమా అది? ఆయన్ని దించాలి, వాళ్ల అబ్బాయికి కబురు చెయ్యాలి. తీగ కిందికి వేలాడుతోంది. అంతవరకే చూశాను.”

“మరి ఏం రాయను?”

“‘మూడు నెలలు అన్నది నేను కల్పించాను. బెల్లు ఎందుకు మోగలేదో నాకు తెలీదు.’ అలాగే రాయి.”

“ఇంత రాశాక తెలీదు అంటే ఏం బావుంటుంది?”

“బావుండదు. రాయి.”

“‘...నాకు తెలీదు.’ అయిపోయింది. ‘ఇన్‌ఛార్జి సిస్టర్‌కీ ఈ వ్యాసాలకీ ఏ సంబంధమూ లేదు. ఆమె గుర్తులు నేను తెలియక వాడుకున్నాను.’ సరేనా?”

“‘తెలియక’ కొట్టెయ్.”

“అది నిజం అక్కా.”

“నిజమే. కొట్టెయ్. అది రాస్తే నీ గురించి ఆలోచిస్తారు. ఆవిడ గురించి ఆలోచించాలి వాళ్లు.”

“కొట్టేశాను.”

“సంతకం.”

“పెడుతున్నాను.”

“అదేంటి, గీతలా ఉంది. చదివేలా పెట్టు.”

“అలవాటు తప్పింది. ఆగు. ఇదిగో. సరిపోయిందా?”

“నీ అక్షరాలు బావుంటాయే. చిన్నప్పుడు నా రికార్డులన్నీ నువ్వే రాసేదానివి.”

“నీ పేరుతో.”

“నోర్మూసుకుని ఎడిటర్‌కి ఫోన్ చెయ్. స్పీకర్ పెట్టు. నువ్వు మాట మార్చావంటే నేను మాట్లాడతాను.”

“మార్చను. మోగుతోంది.”

“హలో, ఎవరూ, తాతయ్యగారా. పొదుపు పేజీ ఇంకా రాలేదేంటండీ?”

“వస్తుంది సార్. ఇది వేరే విషయం. తెల్ల చెప్పులు గురించి.”

“ఆ గొడవ మీకెందుకండీ? హాయిగా పొదుపు చేసుకోండి.”

“సార్, ఆ నాలుగు భాగాలూ రాసింది నేను.”

“ఏమన్నారు?”

“తెల్ల చెప్పులు నేనే సార్.”

“తాతయ్యగారూ, ఇవాళ నాకు హాస్యాలకి తీరిక లేదు. తెల్ల చెప్పులుగారు నా ఎదురుగానే కూర్చుని ఉన్నారు.”

“ఎవరు?”

“రెండున్నరకి వచ్చారు. గంట నుంచీ రాస్తున్నారు. ఐదో భాగం. నా కళ్లముందే, ఎడంచేత్తో. కింద సొంత పేరే వెయ్యమన్నారు. ఏ ఆస్పత్రి, ఏ వార్డు, ఎన్నేళ్ల సర్వీసు, అన్నీ వెయ్యమన్నారు. అలాంటి మనిషి నేను రాశానంటుంటే, మీరొచ్చి...”

“ఆవిడ కాదు సార్. ఆవిడకి దీంతో సంబంధం లేదు. నేను ఉత్తరం రాశాను, సంతకం కూడా పెట్టాను.”

“ఇటివ్వు ఫోను. సార్, నేను ఈ అమ్మాయి అక్కని. ఆవిడ దగ్గరే పనిచేస్తాను. ఒక్కసారి ఆవిడకివ్వండి. పెద్ద సిస్టర్, నేను. వింటున్నారా?”

“నువ్వా అమ్మాయ్. పక్కనున్నది నీ చెల్లెలేనా?”

“అవును సిస్టర్.”

“అనుకున్నాను. నా కట్టు సంగతి ఇంటిదాకా మోసుకెళ్లేది నువ్వే.”

“సిస్టర్, మీరు అది ఆపేయండి. రాయకండి. రేపు పొద్దున నేనే తీసుకెళ్లి ఇస్తాను ఉత్తరం. అంతా మా మీదే వేసుకున్నాం. మీకు పదకొండు నెలలే ఉంది.”

“ఆ అమ్మాయికివ్వు.”

“వింటున్నానండీ.”

“గ్లవ్స్ సంగతి బాగా రాశావు. లిఫ్టులో ఆవిడ ఏడవలేదు గానీ, అదీ బాగానే రాశావు.”

“నాలుగో భాగంలో తప్పు చేశానండీ. ఆ ఎడంచెయ్యి...”

“ఎడంచెయ్యి తప్పు కాదు. నాది ఎడంచెయ్యే.”

“మూడు నెలలు అన్నది తప్పు. ఉత్తరంలో దిద్దాను.”

“దిద్దావా, మంచిది. అది చదివి నేనేమనుకున్నానో తెలుసా? ఆ పూట ఎవరో నన్ను చూశారనుకున్నాను. చూసి, ముసలిది కదా పోనీలే అని, నా తరఫున మూడు నెలలని అబద్ధమాడారనుకున్నాను. పది రోజులు జేబులో పెట్టుకు తిరిగాను ఆ కాగితం. నన్ను కాపాడింది ఎవరా అని ఒక్కొక్కరి మొహం చూశాను.”

“సిస్టర్, ఏం మాట్లాడుతున్నారు?”

“నువ్వుండు అమ్మాయ్. ఏమ్మా, రాసే అమ్మాయ్, ఆ ఉత్తరం చింపకు. పంపించు. నీది నువ్వు చెప్పుకో. నాది నేను రాసుకుంటున్నాను. ఆరోజు మధ్యాహ్నం పదిహేడుసార్లు కొట్టాడు. రెండో మంచానికి ఫిట్స్, పాతికో మంచానికి రక్తం ఎక్కుతోంది, ఇద్దరమే ఉన్నాం. పదిహేడోసారి టైమెంత అన్నాడు. తీగ తెగలేదమ్మా. పీకింది నేను.”